ప్రాజెక్టు ఎవరిది?



దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయంటే పల్లెటూరి ఇళ్ళలో కూడ ఒక కంగారు మొదలవుతుంది. బడినుండి వచ్చిన బిడ్డ సంచిలోనుండి ఒక కాగితము తీస్తుంది. సైన్సులో ఒక ప్రాజెక్టు, సాంఘికములో ఒకటి, తెలుగులో ఒకటి, చిత్రలేఖనములో మరొకటి. సెలవులు అయ్యేలోగా నాలుగూ చేసి తేవాలట. తల్లి అప్పుడే కలుపుకు పోయి వచ్చి ఉంటుంది. తండ్రి రాత్రికి పొలానికి నీళ్ళు కట్టడానికి పోవాలి. ఇద్దరిలో ఒకరు చదివి ఉంటే ఐదో తరగతి. "ప్రాజెక్టంటే మాకేం తెలుసమ్మా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అప్పుడు మూడు దారులు కనబడతాయి. మొదటిది మండల కేంద్రములోని ఫ్యాన్సీ షాపు. చార్టు కాగితము, బొమ్మల షీట్లు, రంగు టేపులు, థర్మోకోల్ అట్టలు అన్నీ అక్కడ దొరుకుతాయి. నాలుగింటికీ కొనేసరికి తల్లి కూలి డబ్బులు కరిగిపోతాయి. రెండవది, డిగ్రీ చదువుతున్న పిన్ని కొడుకు. బతిమాలితే ఒక రాత్రి కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెడతాడు. మూడవది చేతిలోని ఫోను. దానిని అడిగితే రెండు నిమిషాలలో నాలుగు పేజీల వ్యాసము చూపిస్తుంది. బిడ్డ దానిని చూచి రాస్తుంది. ఈ మూడింటిలో ఏ దారి పట్టినా సెలవుల తరువాత ప్రాజెక్టు మాస్టారి బల్లమీదికి చేరుతుంది. మార్కులు కూడ పడతాయి.

మరి ఇందులో నష్టమేమిటని కొందరు మమ్మును అడిగారు. అందరూ చేసేదే గదా అన్నారు.

నష్టములు రెండున్నాయి. మొదటిది సులువుగా కనబడేదే. పని ఒకరు చేసి పేరు మరొకరు పెట్టుకోవచ్చునని, పట్టుబడకపోతే తప్పులేదని బిడ్డ పన్నెండేళ్ళకే నేర్చుకుంటుంది. ఆ పాఠము నేర్పింది బడి కాదు, మన ఇల్లే. రెండవ నష్టము అంత త్వరగా కనబడదు. బిడ్డ అడగవలసిన ప్రశ్న ఒకటి అడగకుండానే మిగిలిపోతుంది. ఆ ప్రశ్న ఒక్కొక్కసారి ఇంటికి, ఊరికి ఎంత అవసరమైనదో చెప్పడానికే ఈ నెల ఈ సంగతి ఎత్తుకున్నాము.

నీళ్ళమీద ఒక ప్రాజెక్టు

కనిగిరి వైపు ఒక పల్లెలో మేమెరిగిన కుటుంబము ఒకటి ఉన్నది. కొంచెము మెట్టపొలము, నాలుగు మేకలు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్సులో ఆమెకు వచ్చిన అంశము "మా ఊరి తాగునీరు".

ఆ ప్రాంతపు నీటికి ఒక చరిత్ర ఉన్నది. కనిగిరి, పొదిలి, దర్శి ఊళ్ళు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలములో, 1937లో, నీటిలోని ఫ్లోరైడు వలన వచ్చే ఎముకల వ్యాధిని గురించి వైద్యులు ఒక నివేదిక ప్రచురించారు. మన దేశములో ఈ వ్యాధిని గురించి వచ్చిన తొలి నివేదికలలో అది ఒకటి. అయితే డాక్టర్లకంటె ముందు దీనిని గమనించినది అక్కడి రైతులే అని చెబుతారు. ఎద్దులు నడవలేక కుంటుతున్నాయి, ఎందుకు అని వారు అడిగారు. పరిశోధన అక్కడే మొదలైంది.

ఫ్లోరైడు భూమిలోని రాళ్ళలో ఉంటుంది. రాతి పొరలలో చాలాకాలము నిలిచిన నీటిలోకి కరుగుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీళ్ళు మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. కొంత నీరు ఆవిరై పోవడము వలన మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకోవచ్చుననీ మన దేశపు తాగునీటి ప్రమాణము చెబుతున్నది.

ఆ అమ్మాయికి మొదట ఈ సంగతులేవీ తెలియవు. ఆమె చేసింది ఒక్కటే. ఒక నోటుపుస్తకము పట్టుకొని ఇంటింటికి పోయింది. మీరు ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎప్పటినుండి తాగుతున్నారు, పళ్ళు ఎట్లా ఉన్నాయి అని అడిగి రాసుకున్నది. ఆమెకే పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయి. నవ్వినప్పుడు అరచెయ్యి నోటికి అడ్డము పెట్టుకోవడము ఆమెకు అలవాటు.

పదిహేను ఇళ్ళు తిరిగేసరికి ఆమెకు ఒక విచిత్రము కనబడింది. ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడపిల్లలవి గారపళ్ళు. అదే ఇంటికి వచ్చిన కోడళ్ళవి తెల్లని పళ్ళు. ఇద్దరూ తినేది ఒకటే కూడు, తాగేది ఒకటే బోరు నీళ్ళు, తోముకొనేది ఒకటే వేపపుల్ల. మరి ఈ తేడా ఎందుకు? ఆమె మళ్ళీ మొదటి ఇంటినుండి తిరిగింది. ఈసారి ఒకే ప్రశ్న: "అత్తా, నువ్వు పుట్టిన ఊరేది?" తెల్లని పళ్ళ కోడళ్ళు దాదాపు అందరూ కాలువ నీళ్ళ ఊళ్ళనుండి వచ్చినవారు. ఒక కోడలికి మాత్రము గారపళ్ళు ఉన్నాయి. ఆమె పుట్టింటివారిది కూడ బోరు నీళ్ళ ఊరే.

సైన్సు మాస్టారు దాని కారణము వివరించారు. పాలపళ్ళు ఊడి వచ్చే శాశ్వత దంతములు, రాకముందే దవడలో తయారవుతూ ఉంటాయి. ఎక్కువ భాగము ఎనిమిదేళ్ళ వయసులోపే తయారవుతాయి. ఆ ఏళ్ళలో తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఆ గుర్తు పంటిమీద పడుతుంది, ఇక పోదు. పెద్దయ్యాక వచ్చి ఆ నీళ్ళు తాగినవారి పళ్ళు తెల్లగానే ఉంటాయి. కాని వారికీ క్షేమము లేదు. ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలలో, కీళ్ళలో చేరి మెడ, నడుము బిగిసిపోతాయి. అంటే మనిషి పళ్ళు చూస్తే ఆయన బాల్యములో ఏ నీళ్ళు తాగాడో చాలావరకు తెలుస్తుంది. ఏ చార్టులోను లేని ఈ సంగతిని ఆ అమ్మాయి ముందు కళ్ళతో చూచింది, తరువాత కారణము తెలుసుకున్నది.

అయితే చిక్కు ఇంటిలోనే వచ్చింది. ఆమె తండ్రి మా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, మార్కులకోసము ఈ పిల్ల ఊరి పరువు తీస్తున్నది. ఇంకో నాలుగేళ్ళకు దీనికి సంబంధము చూడాలి. గారపళ్ళ ఊరని పుస్తకములో రాసిపెడితే మా గడప ఎవరు తొక్కుతారు? షాపులో చార్టు కొనిస్తాను, అది ఇచ్చి ఊరుకోమనండి" అన్నాడు.

ఆ మాటను తేలికగా తీసివేయకూడదు. అట్టి ఊళ్ళలో ఆడపిల్లలున్న ప్రతి తండ్రికీ ఆ భయమున్నది, దానికి కారణమూ ఉన్నది. అందుచేత మేము మొదట ఒప్పుకోవలసినది ఒప్పుకున్నాము. పేర్లు రాయనవసరము లేదు. ఒకటో ఇల్లు, రెండో ఇల్లు అని రాస్తే చాలును. ఎవరి రోగమును వారి పేరుతో వీధిలో పెట్టే హక్కు ఏ ప్రాజెక్టుకూ లేదు. ఆ తరువాత ఒక ప్రశ్న వేశాము. "ఇప్పుడు పై ఊరివాళ్ళు మీ పిల్లల పళ్ళు చూచి ఏమంటున్నారు?" "పళ్ళు తోముకోరంటారు. వంశములోనే ఉన్నదంటారు" అన్నాడు. మరి ఆ అమ్మాయి పుస్తకము ఏమి చెబుతున్నది? మురికి కాదు, వంశము కాదు, నీళ్ళు అని చెబుతున్నది. ఊరి పరువు పోయే మాట అది కాదు. ఊరిమీది నింద తీసే మాట.

తండ్రి మెత్తబడ్డాడు గాని ఒప్పుకోలేదు. అప్పుడు ఆ అమ్మాయే మాటలాడింది. "నాన్నా, నా పళ్ళు ఇక మారవు. తమ్ముడికి నాలుగేళ్ళు. వాడివి ఇంకా రాలేదు."

ఆ మాటకు ఆయన జవాబు చెప్పలేదు. మరునాడు ఆయనే రెండు బోర్ల నీళ్ళు రెండు సీసాలలో పట్టి ఇచ్చాడు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పథకములో ఊళ్ళలోని స్త్రీలకు నీటి పరీక్ష కిట్టు వాడటము నేర్పించారు. అట్లా నేర్చుకున్న ఒక సహోదరి సహాయముతో ముందు ఊళ్ళోనే పరీక్ష చేశారు. తరువాత గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపించారు. ఒక బోరు పరిమితి దాటింది, రెండవది దాటలేదు. ఇప్పుడు ఆ తల్లి రోజూ దూరమైన బోరుకే పోయి నాలుగు బిందెలు తెస్తున్నది. చిన్నవాడు ఆ నీళ్ళే తాగుతున్నాడు. పంచాయతీకి అర్జీ పెట్టారు, ఇంకా కదలిక లేదు. అయినను ఊళ్ళో ఏ బోరు నీళ్ళు తాగాలో, ఏది గిన్నెలకు, బట్టలకు వాడాలో అందరికీ తెలిసింది.

షాపులో కొన్న చార్టు ఈ పని చేసేదా?

బట్టమీద నల్ల గీత

సైన్సంటే ఇట్టి సంగతులుంటాయి, చిత్రలేఖనములో పరిశోధన ఏముంటుంది, బొమ్మ వేయడమే గదా అని అనుకొనేవారున్నారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు చేసిన కలంకారీ ప్రాజెక్టు సంగతి వినండి.

కలంకారీ మన తెలుగునాట రెండు విధములుగా సాగుతున్నది. శ్రీకాళహస్తిలో వెదురుపుల్ల కలముతో చేతితో గీస్తారు. మచిలీపట్నము దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తి పద్ధతిలో ముందు బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతారు. నలుపు కావాలంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో కొన్ని వారములు ఊరబెడతారు. దానిని కసిమి అంటారు. ఎరుపు రంగుకు పటిక నీళ్ళతో గీసి, మంజిష్ఠ వంటి వేళ్ళ రసములో బట్టను ఉడకబెడతారు. పటిక తగిలినచోటనే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది.

ఈ అబ్బాయి ఆ సంగతి చదివి ఊరుకోలేదు. పచారి కొట్టులో కరక్కాయలు కొన్నాడు. పాత మేకులు, బెల్లము కుండలో వేసి ఊరబెట్టాడు. ఆ వాసన భరించలేక వాళ్ళ నాయనమ్మ కుండను పశువుల కొట్టములోకి మార్పించింది. మూడు వారముల తరువాత తెల్లటి పాతబట్ట మూడు ముక్కలు చేశాడు. ఒకదానిని ఏమీ పెట్టకుండా ఉంచాడు. ఒకదానిని కరక్కాయ నీటిలో మాత్రమే ముంచాడు. ఒకదానిని కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచాడు. మూడూ ఎండిన తరువాత పుల్లతో ఒక్కొక్క గీత గీశాడు.

మొదటి ముక్కమీద తుప్పు మరకవంటి గీత వచ్చింది, నలుపు రాలేదు. రెండవ ముక్కమీద గీత చూస్తుండగానే నల్లబడింది గాని అంచులు పాకిపోయాయి. మూడవ ముక్కమీద నల్లని గీత గీసినచోటనే నిలిచింది. నలుపు కుండలో లేదు, కరక్కాయలో లేదు. కరక్కాయలోని వగరు, ఇనుము బట్టమీద కలిసినప్పుడే పుడుతున్నది. పాలలోని కొవ్వు ఆ గీతను పాకనియ్యకుండ ఆపుతున్నది. ఇంతకాలముగా ఆ పనివారు చేతితో ఎరిగినదానిని ఆ అబ్బాయి మూడు గుడ్డపేలికలతో తెలుసుకున్నాడు. అది చిత్రలేఖనమా, రసాయన శాస్త్రమా అని మాస్టారు నవ్వారట. రెండూ అని మేమంటాము.

లేఖనములలో కూడ బెసలేలును అతని చేతిపనిని బట్టి, సొలొమోనును అతని జ్ఞానమును బట్టి జ్ఞాపకము చేసుకుంటాము. ఒకరు బంగారము, రాయి, కర్రలతో పని చేశాడు. ఒకరు చెట్లను, పక్షులను, పురుగులను గూర్చి మాటలాడాడు. చేతిపని తక్కువ, పుస్తకము ఎక్కువ అనే లెక్క మన ఇళ్ళలోనికి ఎక్కడనుండి వచ్చిందో మనమే ఆలోచించుకోవాలి.

ఊరివారికి తెలిసిన సంగతి

"మేము చదువుకోలేదు, మా బిడ్డకు మేమేం చెబుతాము?" అనే తల్లిదండ్రులకు ఇంకొక సంగతి చెప్పాలి. కడప జిల్లా లంకమల అడవుల వైపు కలివికోడి అనే పక్షి ఉన్నది. పొదల మధ్య రాత్రిపూట తిరుగుతుంది. 1900 తరువాత పక్షి శాస్త్రజ్ఞులెవరికీ అది కనబడలేదు. ఇక లేదని చాలామంది అనుకున్నారు. 1986లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ ప్రాంతములో వెదకి దానిని మరల కనుగొన్నారు. ఆయన దానిని ఒంటరిగా కనుగొనలేదు. అక్కడి పల్లెవాసులను అడిగారు. రాత్రిపూట అడవిలో తిరిగే ఒక పిట్టల వేటగాడే ఆ పక్షిని పట్టి చూపించాడు. పుస్తకములలో ఎనభై ఏళ్ళకు పైగా లేని పక్షి ఆ ఊరివారి మాటలో పేరుతో సహా బ్రతికే ఉన్నది.

మీకు తెలిసినది కూడ అట్టిదే. ఏ నేలలో ఏ గడ్డి మొలుస్తుందో, ఏ గాలికి వాన వస్తుందో, చెరువు ఏ ఏడు నిండిందో, కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రే ఎందుకు వాడతారో మీలో ఎవరో ఒకరికి తెలుసు. బిడ్డ అడిగితే చెప్పండి. తెలియకపోతే తెలిసినవారి ఇంటికి తీసికొనిపోండి. మీరు చేయగలిగిన సహాయము అదే, చేయవలసినదీ అదే.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మొదట ప్రశ్నను చిన్నది చేయండి. "భారతదేశములో నీటి కాలుష్యము" అంటే పదమూడేళ్ళ బిడ్డ ఏమి చేయగలదు? చూచి రాయడమే. "మన వీధిలో ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారు" అంటే తానే చేయగలదు. ఊళ్ళో జవాబు దొరికే ప్రశ్నయే మంచి ప్రశ్న.

రెండవది, సమయమియ్యండి. ముఖ్యముగా ఆడపిల్లలకు. మగపిల్లవాడు ఊరంతా తిరిగితే పనిమీద పోయాడంటాము, ఆడపిల్ల నాలుగిళ్ళకు పోతే తిరుగుబోతు అంటాము. పంపడానికి భయమైతే తోడు వెళ్ళండి. నాయనమ్మను తోడు పంపితే నాయనమ్మకూ కాలక్షేపము, ఇంటివారూ నోరు విప్పి చెబుతారు.

మూడవది, మీ చేతితో గాని ఇంకొకరి చేతితో గాని రాయించకండి. అక్షరాలు వంకరగా ఉండనియ్యండి. చార్టు లేకపోతే పాత క్యాలెండరు వెనుకవైపు తెల్లగా ఉంటుంది.

నాలుగవది, ఎవరు చెప్పారో రాయమనండి. తాత చెబితే తాత అని, పుస్తకములో చూస్తే ఆ పుస్తకము పేరు, ఫోనులో చూస్తే ఫోనులో చూచానని రాయాలి. ఫోను చూడటము పాపము కాదు. చూచి, తానే కనుగొన్నట్టు రాయడము అబద్ధము. ఫోను చెప్పినదంతా నిజమూ కాదు. ఊళ్ళో పరీక్షించి చూడదగినది పరీక్షించి చూడాలి.

ఐదవది, తప్పిపోయినది కూడ రాయమనండి. గింజలు మొలవకపోతే మొలవలేదని, రంగు పాకిపోతే పాకిపోయిందని. బాగా వచ్చినట్టు దిద్ది రాసినది పరిశోధన కాదు.

మన సంఘాలలో ఉపాధ్యాయులుగా ఉన్న సహోదరీ సహోదరులకు కూడ ఒక మనవి. బిడ్డ తెచ్చిన ప్రాజెక్టును బల్లమీద పెట్టి రెండే ప్రశ్నలు అడగండి: "ఇది నీకెట్లా తెలిసింది? ఇందులో నీకు ఆశ్చర్యమైనది ఏది?" కొన్న చార్టుకు ఆ రెండవ ప్రశ్నకు జవాబుండదు. థర్మోకోల్ అందమునకు మార్కులు వేసినంతకాలము పేదబిడ్డ వెనుకబడుతూనే ఉంటుంది. 1993 నుండి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి సమస్యనే ఎంచుకొని, తమ మాతృభాషలోనే నివేదిక ఇచ్చే వీలున్నది. మన పల్లె బిడ్డలను దానికి సిద్ధపరచండి.

ఏ అంశము తీసుకోవాలో తోచనివారికి రూపాయి ఖర్చు లేనిది ఒకటి చెబుతాము. మన తెలుగు ప్రాంతములన్నీ కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాయి గనుక, ఏడాదికి రెండు రోజులు సూర్యుడు మిట్టమధ్యాహ్నము సరిగా నడినెత్తిన నిలుస్తాడు. ఆ నిమిషములో నిలువు కర్రకు నీడ ఉండదు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతములో వస్తుంది. దక్షిణానికి పోయేకొద్ది మొదటి రోజు ఇంకా ముందుగా, రెండవ రోజు ఇంకా ఆలస్యముగా వస్తాయి. మీ ఊరికి ఏ రోజు? వాకిట్లో ఒక కర్ర పాతండి. దారానికి రాయి కట్టి వ్రేలాడదీసి అది నిలువుగా ఉన్నదో లేదో చూచుకోండి. గడియారములో సరిగా పన్నెండుకే అని అనుకోవద్దు, కొన్ని నిమిషములు అటు ఇటు ఉంటుంది. పదకొండున్నర నుండి పన్నెండున్నర వరకు ఐదేసి నిమిషములకు నీడ కొసమీద ఒక చింతగింజ పెట్టమని బిడ్డకు చెప్పండి. పది రోజులు అట్లా చేస్తే ఏ రోజు నీడ పోయిందో బిడ్డయే మీకు చెబుతుంది.